గ్యాంగ్‌వే దగ్గర నిలబడే మనిషి ఏం చూస్తాడు? ప్రయాణికుల ఓడల్లో సెక్యూరిటీ గురించి కొంచెం వివరంగా

వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఓడ బయలుదేరే రోజు పోర్టు దగ్గర కాసేపు నిలబడితే, ఎక్కేవాళ్ల సామాను చూసి సగం ఊరు తరలిపోతోందా అనిపిస్తుంది. అట్టపెట్టెలకు కొబ్బరితాడు బిగించినవాళ్లు, ఊరగాయ జాడీకి గుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకున్నవాళ్లు, చంకలో పసిబిడ్డ, చేతిలో ట్రంకుపెట్టె. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చినా వాళ్ల నోట ఇంకా పాత పేరే. ప్రయాణం రెండున్నర రోజులకు దగ్గర. మన ముత్తాతలు ఇదే తీరంలో స్టీమరెక్కి "రంగం" (రంగూన్) వెళ్లిన రోజుల నుంచీ ఓడ ప్రయాణం అంటే ఇంతే, వందల మంది కొత్తవాళ్లు ఒకే కప్పు కింద రోజుల తరబడి కలిసి తిని, కలిసి నిద్రపోవడం.

మా పిన్ని కొడుకు ప్రయాణికుల ఓడల్లో డెక్ మీద పనిచేస్తాడు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు వాడి సర్టిఫికెట్ల ఫైలు తిరగేస్తుంటే నోరు తిరగని పేరొకటి కనబడింది, ఎస్టీఎస్‌డీఎస్‌డీ. అదేమిట్రా అంటే సెక్యూరిటీ కోర్సు అన్నాడు.

"సెక్యూరిటీ అంటే గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడేవాళ్ల పని కదా, నీకెందుకు?"

"అక్కా, గేటు దాటి ఓడ కదిలాక ఆ తుపాకీవాళ్లెవరూ మాతో రారు. నడిసముద్రంలో ఉండేది మేమే."

అప్పట్నుంచి వాణ్ణి అడిగీ, చదివీ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, ఓడ సెక్యూరిటీ అనగానే మనం స్కానర్ల గురించి, కెమెరాల గురించి, కోస్ట్‌గార్డ్ గురించి మాట్లాడతాం కానీ ఆ వ్యవస్థ మొత్తం ఆఖరికి ఆనుకుని ఉండేది ఓడ ఎక్కే నిచ్చెన దగ్గర, అంటే గ్యాంగ్‌వే దగ్గర, నిలబడి మనుషుల్ని లెక్కపెట్టే చిన్న ఉద్యోగి మీద. జీతంలో, హోదాలో అందరికన్నా కిందుండే ఆ మనిషికి ఏం నేర్పుతున్నాం, ఏం అడుగుతున్నాం అన్నది మనందరికీ పట్టాల్సిన విషయం.

ఒక మాటలో రెండు పనులు

ముందు మన భాషలోనే ఒక చిక్కుంది. సేఫ్టీ, సెక్యూరిటీ రెండింటికీ పేపర్లో, టీవీలో "భద్రత" అనే రాస్తారు. ఓడలో ఇవి రెండు వేరు వేరు పనులు. తుపాను, ఇంజన్ రూములో మంట, అడుగున రంధ్రం, మనిషి కాలుజారి నీళ్లలో పడటం, ఇవన్నీ సేఫ్టీ కిందికి వస్తాయి. ఎవరికీ చెడు చేయాలని లేకపోయినా జరిగేవి. సెక్యూరిటీ అంటే ఒక మనిషి కావాలని చేసేది. బాంబు, దొంగతనం, ఓడని పట్టుకుపోవడం, టికెట్ లేకుండా దాక్కుని ఎక్కడం, మత్తుమందు రవాణా, తోటి ప్రయాణికుల మీద దాడి.

ఈ రెండూ చాలాసార్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. తలుపు సంగతే తీసుకోండి. మంట వస్తే జనం బయటపడాలి కాబట్టి అన్ని తలుపులూ తేలిగ్గా తెరుచుకోవాలని సేఫ్టీ అంటుంది. ఎవరుపడితే వాళ్లు ఇంజన్ రూములోకి, బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీదికి రాకూడదు కాబట్టి తాళం వేయాలని సెక్యూరిటీ అంటుంది. అందుకే అలాంటి తలుపులు చాలావరకు బయటి నుంచి తెరుచుకోకుండా, లోపలి నుంచి తేలిగ్గా తెరుచుకునేలా పెడతారు. అయినా ఇరకాటం వస్తే ఏది ముందు? అంతర్జాతీయ నిబంధనల్లో దీనికి జవాబు స్పష్టంగా ఉంది. రెండింటికీ పొంతన కుదరనప్పుడు ఓడని, మనుషుల్ని ప్రమాదం నుంచి కాపాడే పనే ముందు, ఆ నిర్ణయం కెప్టెన్‌ది, కంపెనీ గానీ ఇంకెవరు గానీ ఆయన చేతులు కట్టేయకూడదు. ఈ ఒక్క నియమం డెక్ మీద పనిచేసే ప్రతి మనిషికీ కంఠతా రావాలని నాకనిపిస్తుంది, ఎందుకంటే తాళంచెవి ఉండేది వాళ్ల జేబులోనే.

ఈ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయి

1985 అక్టోబరులో అకిలీ లారో అనే ఇటలీ ప్రయాణికుల ఓడని ఈజిప్టు తీరం దగ్గర నలుగురు సాయుధులు పట్టుకున్నారు, చక్రాల కుర్చీలో ఉన్న ఒక వృద్ధ ప్రయాణికుణ్ణి చంపేశారు. బయటి నుంచి పడవల్లో వచ్చి దూకినవాళ్లు కాదు వాళ్లు, అందరిలాగే టికెట్లు కొనుక్కుని ఎక్కినవాళ్లు. ఆ తర్వాతే ప్రపంచ దేశాలు 1988లో రోమ్‌లో కూర్చుని సముద్రయానం మీద చేసే నేరాలకు ఒక ఒప్పందం రాసుకున్నాయి. కానీ అసలు పెద్ద మార్పు 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వచ్చింది. విమానాన్నే ఆయుధంగా వాడగలిగితే ఓడని ఎందుకు వాడలేరు అన్న భయంతో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2002 డిసెంబరులో ఐఎస్‌పీఎస్ కోడ్‌ని, అంటే ఓడల, రేవుల సెక్యూరిటీ నియమావళిని, ఆమోదించింది. 2004 జూలై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

దానికి నాలుగు నెలల ముందు, 2004 ఫిబ్రవరి 27న, ఫిలిప్పీన్స్‌లో జరిగినదాన్ని ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. సూపర్‌ఫెర్రీ 14 అనే పెద్ద ఫెర్రీ సుమారు 900 మందితో రాత్రిపూట మనీలా నుంచి బయలుదేరింది. ఒక మనిషి దొంగ పేరుతో టికెట్ కొని ఎక్కాడు, తనతో ఒక టీవీ సెట్టు తెచ్చాడు, తన బెర్తు దగ్గర పెట్టాడు, ఓడ కదలకముందే దిగిపోయాడు. ఆ టీవీలో పేలుడు పదార్థం ఉంది. ఓడ సముద్రంలోకి వెళ్లాక అది పేలింది, మంటలు లేచాయి, 116 మంది చనిపోయారు. సముద్రంలో జరిగిన ఉగ్రవాద దాడుల్లో అతి ఘోరమైనవాటిలో ఇదొకటి.

ఇందులో రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఫిలిప్పీన్స్‌లో ఊరికి వెళ్లేవాడు టీవీ పట్టుకెళ్లడం చాలా మామూలు విషయం, మనవాళ్లు అట్టపెట్టెల్లో గ్రైండరు పట్టుకెళ్లినట్టే. చూడగానే అనుమానం రావాల్సిన వస్తువు కాదది. అక్కడ తేడా కొట్టిన విషయం ఒక్కటే, ఎక్కిన మనిషి దిగిపోయాడు, అతని సామాను మాత్రం పైనే ఉండిపోయింది. ఆ ఒక్క తేడాని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, నిచ్చెన దగ్గర ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ రెండు వైపులా లెక్కపెట్టే మనిషి, ఆ లెక్క తేలేదాకా కదలనని చెప్పే అధికారి చాలు. రెండోది, అది దేశం లోపల తిరిగే ఫెర్రీ. నాలుగు నెలల తర్వాత జరిగి ఉన్నా ఐఎస్‌పీఎస్ కోడ్ దానికి తప్పనిసరి అయ్యేది కాదు, ఎందుకంటే ఆ కోడ్ అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడల కోసం రాసింది. ఈ రెండో సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను, మనకి కావాల్సింది అదే.

ఓడలో ఎవరు ఎవరికి జవాబుదారీ

కోడ్ ప్రకారం ప్రతి ఓడకీ ఒక షిప్ సెక్యూరిటీ ఆఫీసర్ ఉండాలి. ఆయన ఓడలోని అధికారుల్లో ఒకరే, చాలా ఓడల్లో చీఫ్ ఆఫీసరే ఆ బాధ్యత కూడా చూస్తాడు. ఒడ్డున కంపెనీ తరఫున ఒక సెక్యూరిటీ ఆఫీసర్, రేవు తరఫున మరొకరు. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే మిగతాదంతా కాగితమే. ఓడకి ఒక సెక్యూరిటీ ప్లాన్ ఉంటుంది. ఎవరెవరు ఎక్కడికి వెళ్లొచ్చు, సామాను ఎలా చూడాలి, బెదిరింపు ఫోన్ వస్తే ఏం చేయాలి అన్నీ అందులో ఉంటాయి, అది అందరికీ చూపించే పుస్తకం కాదు. మా తమ్ముడు కూడా తన పనికి సంబంధించినంతవరకే చూశాడట.

ప్రమాద స్థాయిలు మూడు. ఎప్పుడూ ఉండాల్సిన కనీస జాగ్రత్త లెవెల్ 1. ముప్పు పెరిగిందని సమాచారం ఉంటే కొంతకాలం పాటు లెవెల్ 2. దాడి జరగబోతోందనో, జరిగే అవకాశం చాలా ఎక్కువగా ఉందనో తెలిసినప్పుడు లెవెల్ 3. ఈ స్థాయిని కెప్టెన్ తనంతట తాను పెట్టడు, ప్రభుత్వం చెబుతుంది. రేవులో ఏ స్థాయి ఉందో అందులోకి వచ్చే ఓడ కనీసం ఆ స్థాయిలో ఉండాలి, ఇంకా ఎక్కువ ఉన్నా పర్లేదు కానీ తక్కువ ఉండకూడదు. మన వైజాగ్ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. ఒకే ఛానల్లోంచి సరుకు ఓడలు, పక్కనే తూర్పు నౌకాదళం, ఫిషింగ్ హార్బర్ నుంచి వందల బోట్లు, 2023 సెప్టెంబరులో ప్రారంభమైన క్రూజ్ టెర్మినల్. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను చూసేది ఒకటి, ఓడ నిచ్చెన దగ్గర కళాసీ చూసేది ఒకటి. ఇద్దరి మధ్యనున్న ఆ కొద్ది దూరంలో "వాళ్లు చూసే ఉంటార్లే" అని ఇద్దరూ అనుకుంటే ఎవరూ చూడనట్టే అవుతుంది.

ఓడలో ఒక రహస్య బటన్ కూడా ఉంటుంది. షిప్ సెక్యూరిటీ అలర్ట్ సిస్టమ్ అంటారు. దాన్ని నొక్కితే ఓడలో ఏ గంటా మోగదు, ఏ దీపమూ వెలగదు, సమాచారం మాత్రం ఒడ్డున ఉన్న అధికారులకు చేరుతుంది. కనీసం రెండు చోట్ల ఉండాలి, ఒకటి బ్రిడ్జి మీద. రెండోది ఎక్కడుందో తెలిసినవాళ్లు చాలా తక్కువమంది.

ఇక శిక్షణ సంగతి

సముద్ర ఉద్యోగుల శిక్షణకి ప్రపంచమంతా పాటించే ఒప్పందం ఎస్టీసీడబ్ల్యూ, 1978 నాటిది. 2010లో మనీలాలో దాన్ని బాగా మార్చారు, 2012 జనవరి 1 నుంచి ఆ మార్పులు అమలయ్యాయి. సెక్యూరిటీ శిక్షణ ఓడలో అందరికీ తప్పనిసరి అయింది ఈ మార్పులతోనే. అంతకుముందు పూర్తి స్థాయి కోర్సంటే సెక్యూరిటీ ఆఫీసర్ చేయాల్సిందే.

ఇప్పుడు మెట్లు మెట్లుగా ఉంటుంది. ఓడలో కొత్తగా చేరిన ఎవరికైనా, వంటవాడికైనా, క్యాంటీన్ కుర్రాడికైనా, పని అప్పగించే ముందే ఆ ఓడకి సంబంధించిన పరిచయం చేయాలి. అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి, ప్రమాదం వస్తే ఎక్కడికి వెళ్లాలి. ఇది ఓడలోనే జరుగుతుంది. ఆ పైన సెక్యూరిటీ అవేర్‌నెస్ శిక్షణ, స్థాయిలు అంటే ఏమిటి, ముప్పు ఎలాంటి రూపాల్లో వస్తుంది అన్నది. ఇంకా పైన మా తమ్ముడు చేసిన ఎస్టీఎస్‌డీఎస్‌డీ, అంటే సెక్యూరిటీ డ్యూటీలు ప్రత్యేకంగా అప్పగించినవాళ్లకు. ఇందులో సెక్యూరిటీ ప్లాన్ ప్రకారం నడుచుకోవడం, ముప్పుని గుర్తుపట్టడం, క్రమం తప్పకుండా తనిఖీ చేయడం, పరికరాలు సరిగ్గా వాడటం నేర్పుతారు. అన్నిటికన్నా పైన సెక్యూరిటీ ఆఫీసర్ కోర్సు. మన దేశంలో ఈ కోర్సులకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ అనుమతి ఉన్న సంస్థలే సర్టిఫికెట్ ఇవ్వాలి. వైజాగ్‌లో ఓడ ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట, డబ్బు కట్టే ముందు ఆ సంస్థ పేరు డీజీ షిప్పింగ్ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. "రెండు రోజుల్లో అన్నీ తెప్పిస్తాం, క్లాసుకి రానక్కర్లేదు" అని చెప్పేవాళ్లని నమ్మకండి.

ప్రయాణికుల ఓడలో పనిచేసేవాళ్లకు ఇంకో శిక్షణ కూడా కావాలి. గుంపుని నడిపించడం, సంక్షోభంలో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో తెలుసుకోవడం, కొందరికి అదనంగా ప్రయాణికుల రక్షణ గురించి. ఇవి అయిదేళ్లకు మించకుండా మళ్లీ తాజా చేసుకోవాలి. సెక్యూరిటీ డ్యూటీల సర్టిఫికెట్‌కి మాత్రం ఆ ఒప్పందంలో గడువు లేదు. ఒకసారి తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. నాకు ఇది సబబుగా అనిపించలేదు. పదేళ్ల క్రితం క్లాసులో విన్నది ఈరోజు నిచ్చెన దగ్గర గుర్తుంటుందా?

ఆ లోటుని పూడ్చాల్సింది డ్రిల్లులు. కనీసం మూడు నెలలకొకసారి సెక్యూరిటీ డ్రిల్ జరపాలని కోడ్ చెబుతోంది. సిబ్బందిలో నాలుగో వంతుకు మించి ఒకేసారి మారిపోయి, వచ్చినవాళ్లు గత మూడు నెలల్లో ఆ ఓడలో డ్రిల్ చేయనివాళ్లయితే, వారం లోపే ఒకటి పెట్టాలి. ఏడాదికొకసారి రేవు, కంపెనీ, ఓడ కలిసి పెద్ద అభ్యాసం చేయాలి. "సంతకాల కోసం చేసే డ్రిల్ ఒకటి, నిజంగా చేసే డ్రిల్ ఒకటి అక్కా, రెంటికీ తేడా మాకు తెలిసిపోద్ది" అన్నాడు మావాడు. కొంతమంది అధికారులు ముందు చెప్పకుండా ఒక సంచీ ఎక్కడో దాచి, రౌండ్లు తిరిగేవాళ్లకు ఎంతసేపటికి కనబడుతుందో చూస్తారట. నేర్పడం అంటే అదీ.

1990 ఏప్రిల్‌లో నార్వే నుంచి డెన్మార్క్ వెళుతున్న స్కాండినేవియన్ స్టార్ ఫెర్రీలో రాత్రి మంటలు లేచి 159 మంది చనిపోయారు. ఎవరో కావాలని పెట్టిన మంట అది. అంటే సెక్యూరిటీ సమస్యగా మొదలై నిమిషాల్లో సేఫ్టీ సమస్య అయిపోయింది. సిబ్బందిలో చాలామంది అప్పుడే చేరినవాళ్లు, ఓడ దారులు వాళ్లకే సరిగ్గా తెలియవు, డ్రిల్లు చేయలేదు, ప్రయాణికుల భాష రాదు. పొగ నిండిన నడవాల్లో జనానికి దారి చెప్పే మనిషి లేకపోయాడు. అండమాన్ ఓడలో తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ మాట్లాడే ప్రయాణికులు పక్కపక్క బెర్తుల్లో ఉంటారు. మైకులో ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పేసి పనైపోయింది అనుకుంటే, పాలకొండ నుంచి కూతురి పురుడుకి వెళుతున్న పెద్దావిడకి ఏం అర్థమవుతుంది? భాష రానప్పుడు చేతి సైగలతో ఎలా చెప్పాలి, లైఫ్ జాకెట్ తొడుక్కుని ఎలా చూపించాలి అన్నది కూడా ఆ శిక్షణలో భాగమే, దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

నిచ్చెన దగ్గర నిజంగా జరిగేది

ఇక అసలు పని. ఓడ రేవులో ఉన్నప్పుడు గ్యాంగ్‌వే దగ్గర ఉన్న మనిషి టికెట్, గుర్తింపు కార్డు, మొహం మూడూ కలుస్తున్నాయా చూడాలి. ఎక్కినవాళ్లని, దిగినవాళ్లని విడివిడిగా లెక్కపెట్టాలి. కూలీలు, నీళ్ల క్యాన్లు వేసేవాళ్లు, ఏసీ బాగుచేయడానికి వచ్చినవాళ్లు ఎక్కిన టైము, దిగిన టైము రాసుకోవాలి. ఓడలోకి వచ్చే కూరగాయలు, బియ్యం బస్తాలు కూడా చీటీ ప్రకారం చూడాలి, ఎందుకంటే ప్రయాణికుల సంచులు స్కానరు దాటుతాయి కానీ కోడిగుడ్ల ట్రేలని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఒక గంటన్నరలో కొన్ని వందల మంది. ఎండ. తోపులాట. "ఏటి బాబూ, ఎంతసేపు నిలబెడతావు, పిల్లలు ఏడుస్తన్నారు" అనే అరుపులు. ఆ ఒత్తిడిలో కూడా ఒక్కో మొహం వైపు చూడటం చాలా కష్టమైన నైపుణ్యం. దానికి తగిన గౌరవం మనం ఇవ్వడం లేదు.

అనుమానం ఎవరి మీద రావాలి? ఇక్కడ శిక్షణ సరిగ్గా లేకపోతే పెద్ద తప్పు జరుగుతుంది. గడ్డం, బురఖా, మాసిన బట్టలు, వేరే భాష చూసి అనుమానపడటం సెక్యూరిటీ కాదు, అది అవమానించడం, పైగా పనికిరాదు కూడా. కోడ్ ప్రకారం వచ్చిన శిక్షణ పాఠాల్లోనే ఉంటుంది, మనుషుల జాతి, మతం చూసి కాకుండా ప్రవర్తన చూడాలని. ప్రయాణికుడికి అక్కర్లేని తలుపుల్ని పరిశీలిస్తున్నాడా, సిబ్బంది డ్యూటీ ఎప్పుడు మారుతుందో అడుగుతున్నాడా, అంత పెద్ద పెట్టె తెచ్చి దాని దగ్గరికి ఒక్కసారీ రాలేదా. ఇలాంటివి.

దిక్కులేకుండా పడి ఉన్న సంచీ కనబడితే? బ్రిటన్ రైల్వేలో మొదలై ఇతర రవాణా రంగాల్లోనూ వాడే ఒక పద్ధతి ఉంది, మూడు ప్రశ్నలు వేసుకోమంటారు. కావాలని దాచినట్టుందా? వైర్లు, బ్యాటరీ, టేపు లాంటివి కనబడి చూడగానే తేడాగా ఉందా? ఈ చోట మామూలుగా ఉండే వస్తువేనా, కాదా? మూడో ప్రశ్నకి జవాబు చెప్పగలిగేది రోజూ అక్కడ తిరిగేవాడే. అండమాన్ ఓడ డెక్ మీద తాడు కట్టిన అట్టపెట్టె మామూలే, అదే పెట్టె లైఫ్ జాకెట్ల అరలో ఉంటే మామూలు కాదు. ఊరు కాని ఊరు నుంచి వచ్చిన నిపుణుడికి ఈ తేడా తెలియదు, రోజూ ఆ అర తుడిచేవాడికి క్షణంలో తెలుస్తుంది. బాంబు బెదిరింపు వచ్చినప్పుడు ముందుగా వెతకాల్సింది ఓడ సిబ్బందే అనడానికి కారణం ఇదే. ఏదైనా కనబడితే ముట్టుకోకూడదు, కదపకూడదు, నీళ్లు పోయకూడదు, దాని దగ్గర నిలబడి వాకీటాకీలో మాట్లాడకూడదు. దూరం జరిగి, జనాన్ని జరిపి, అప్పుడు చెప్పాలి.

ఇక రాత్రి రౌండ్లు. మా తమ్ముడి లెక్కలో ఎక్కువసార్లు ఎదురయ్యేది ఉగ్రవాదం కాదు. తాగి గొడవపడేవాళ్లు, బెర్తు దగ్గర ఫోన్ పోయిందని ఏడ్చేవాళ్లు, నిద్రపోతున్న ఆడపిల్లల దగ్గర తచ్చాడేవాళ్లు. ఒక అమ్మాయి వచ్చి "అన్నా, అతను నన్నే చూస్తూ వెనకాలే వస్తున్నాడు" అంటే "ఏం కాదులే అమ్మా, వెళ్లి పడుకో" అనకుండా ఉండటమే శిక్షణలో మొదటి పాఠం కావాలి. నడిసముద్రంలో ఆ అమ్మాయి దిగిపోయి ఇంకో బస్సు ఎక్కలేదు కదా. ఆడవాళ్లని తనిఖీ చేయడానికి ఆడ సిబ్బంది ఉండాలి, ఫిర్యాదు వినడానికి కూడా. 2026 జనవరి 1 నుంచి ఎస్టీసీడబ్ల్యూలో వేధింపులు, లైంగిక వేధింపులు, హింసని అడ్డుకోవడం గురించిన పాఠం ప్రాథమిక శిక్షణలోనే తప్పనిసరి అయింది. అది ప్రధానంగా సిబ్బంది మధ్య జరిగేవాటి కోసం పెట్టింది, కానీ అదే కన్నుతో ప్రయాణికులనీ చూడటం నేర్పితే చాలా మేలు.

మన లోపలి ప్రయాణాల సంగతి

ఇంతకుముందు చెప్పిన రెండో సంగతికి వస్తాను. ఐఎస్‌పీఎస్ కోడ్ అంతర్జాతీయ ప్రయాణాలకు. దేశం లోపల తిరిగే ఫెర్రీలకి ఏం చేయాలన్నది ఆయా దేశాలే తేల్చుకోవాలి. యూరప్ 2004లోనే చట్టం చేసి తీరానికి 20 మైళ్లు దాటి వెళ్లే తమ లోపలి ప్రయాణికుల ఓడలకి కూడా దీన్ని వర్తింపజేసింది. అమెరికా 150 మందికి మించి ఎక్కించుకునే ఫెర్రీలకి సెక్యూరిటీ ప్లాన్ ఉండాలంది. చిన్న బోట్ల కోసం అంతర్జాతీయ సంస్థ 2008 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది కానీ అవి సలహాలే, తప్పనిసరి కాదు. అది మన 26/11 జరిగిన మరుసటి నెల. ముంబై దాడి చేసినవాళ్లు కుబేర్ అనే చేపల పడవని పట్టుకుని అందులో వచ్చారని మనకి తెలుసు. ఆ తర్వాతే తీరప్రాంత భద్రతని నౌకాదళం నాయకత్వం కిందికి తెచ్చి, ముంబై, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌తో పాటు మన విశాఖలో కూడా ఉమ్మడి ఆపరేషన్ కేంద్రం పెట్టారు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్‌కి 1554 నంబరుకు ఫోన్ చేయొచ్చు, ఇది మత్స్యకారులందరికీ తెలుసు, ప్రయాణికులకే తెలియదు.

గోదావరి, కృష్ణల మీద మన బోట్లకి పెద్ద ఓడల నియమాలు వర్తించవు, వర్తించాలని కూడా నేను అనడం లేదు. కానీ మనుషుల లెక్క అన్న ఒక్క విషయం పంటు నుంచి క్రూజ్ షిప్ దాకా అన్నిటికీ ఒకటే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట మునిగినప్పుడు బోటులో ఎంతమంది ఉన్నారన్న లెక్క మొదటి రోజుల్లో పూటకొక రకంగా మారింది. 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. ఒడ్డున నిలబడ్డ కుటుంబాలకి తమవాళ్లు ఎక్కారో లేదో కూడా ఖాయంగా చెప్పే కాగితం లేకపోవడం కన్నా ఘోరం ఏముంటుంది? అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరులో, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. 2020లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోట్ల కంట్రోల్ రూములు పెట్టారు, మన రుషికొండ అందులో ఒకటి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత జల నౌకల చట్టం వచ్చింది. 2024 డిసెంబరు 18న ముంబైలో నీల్‌కమల్ ఫెర్రీని నేవీ స్పీడ్ బోటు ఢీకొట్టినప్పుడు అందులో అనుమతించిన 84 మంది ప్రయాణికులకన్నా ఎక్కువమందే ఉన్నారు. చట్టాలు ఉన్నాయి, రేవు దగ్గర లెక్కపెట్టే మనిషే లేడు.

మూడేళ్ల క్రితం మన దగ్గరే ఒక బీచ్‌లో మా పిల్లలతో బోటెక్కాను. డబ్బు తీసుకున్నారు, చీటీ ఇచ్చారు, పేరు అడగలేదు. పిల్లలకి పెద్దవాళ్ల సైజు లైఫ్ జాకెట్లు తొడిగారు, బకిల్ పెట్టలేదు. నేను అడిగితే ఆ కుర్రాడు "ఏం పర్లేదు మేడమ్, అయిదు నిమిషాలే కదా" అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదని చూస్తేనే తెలుస్తోంది. వాణ్ణి అక్కడ నిలబెట్టినవాళ్లు ఒక్కరోజు కేటాయించి లెక్కపెట్టడం, బకిల్ పెట్టడం, అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పడం, "కాదు, మీరు ఎక్కడానికి వీల్లేదు" అని గట్టిగా అనే ధైర్యం ఇవ్వడం, ఇవి నేర్పితే చాలు. ఆ ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. "కాదు" అన్నందుకు యజమాని తిట్టడని కిందివాడికి నమ్మకం ఉండాలి. ఏ కోర్సు సర్టిఫికెట్టూ ఆ నమ్మకాన్ని ఇవ్వలేదు.

మా తమ్ముడు చెప్పిన ఒక రోజు సంగతి ఉంది. ఎక్కడ, ఏ ఓడ అన్నది రాయను. బయలుదేరే టైముకి లెక్కలో ఒక మనిషి తక్కువ వచ్చాడు. టికెట్ చూపించి ఎక్కినట్టుంది, బెర్తు మీద సంచీ ఉంది, మనిషి లేడు. కెప్టెన్ తాళ్లు విప్పొద్దన్నారు. ప్రయాణికులు కేకలు వేశారు, ఒకాయన వీడియో తీశాడు, ఇంకొకాయన వీణ్ణి కాలర్ పట్టుకున్నంత పని చేశాడు. మళ్లీ మొదటి నుంచి డెక్ డెక్ తిరిగి లెక్కపెట్టారు, ఆ సంచీ చుట్టూ జనాన్ని ఖాళీ చేయించారు. నలభై నిమిషాల తర్వాత కింది డెక్‌లో, చలిగా ఉందని వేరేవాళ్ల ఖాళీ బెర్తులో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న ముసలాయన దొరికాడు. మందు బిళ్ల వేసుకున్నాడట, మైకు వినబడలేదు. వీడు లేపితే "ఊరొచ్చేసిందా నాయనా?" అని అడిగాడట. వీడు పైకి వెళ్లి రిజిస్టర్లో అంకె దిద్ది సంతకం పెట్టాక, తాళ్లు విప్పారు.